నేను తీసేసిన పేజీ కోసం కంకిపాడు దాకా

నవంబరు 14, శుక్రవారం. లా చదివే మా మనవరాలు సోమవారం ఇవ్వాల్సిన వ్యాసం నిన్న ఫోనులో నాకు చదివి వినిపించింది. "జిహాద్ అంటే మతయుద్ధం" అన్నది మొదటి వాక్యం. అది నాదే. కాలేజీలో చరిత్ర చెప్పే రోజుల్లో నేను అచ్చు వేయించిన నోట్సులోది. ఇస్లామిక్ న్యాయశాస్త్రం చెప్పే నా స్నేహితురాలు నూర్జహాన్ అప్పట్లో ఆ పాఠానికి ఒక పేజీ రాసిచ్చింది. నోట్సు పదహారు పేజీలు దాటకూడదని దాన్ని తీసేశాను. ఆ తరువాత మా మధ్య మాటలు లేవు. ఆ పేజీ మళ్ళీ అడగడానికి ఈరోజు కంకిపాడులో ఆమె ఇంటికి వెళ్ళాను. ఇలా పాత స్నేహితుల కోసం ఒంటరిగా బయలుదేరేవారికి పనికొస్తాయని వివరాలు రాస్తున్నాను.

పదకొండున్నరకు గవర్నర్‌పేటలో ఆటో ఎక్కాను. బస్టాండుకు అరవై రూపాయలు. బందరు వైపు వెళ్ళే పల్లెవెలుగు బస్సులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు ఇస్తారు. పక్క సీటు కంకిపాడు దాకా ఖాళీగానే ఉంది. సీటు మీద సంచి పెట్టడం పద్ధతి కాదని ఒళ్ళోనే పెట్టుకున్నాను. ముప్పావుగంట పట్టింది. అక్కడి నుంచి ఆమె ఇంటికి ఆటో నలభై.

"శుక్రవారం ఈ టైములో ఎవరింటికండీ మామ్మగారూ? నమాజు టైమండీ," అన్నాడు డ్రైవరు.

"నేను చెప్పిన చోటికి పోనివ్వు."

"మీరు టీచరుగారా అండీ? చెప్పక్కర్లేదులెండి."

నమాజు సంగతి అతనన్నదే నిజమైంది. తలుపు తీసే ఉంది, ఆమె లోపల నమాజులో ఉంది. వరండా మెట్టు మీద ఇరవై నిమిషాలు కూర్చున్నాను.

"సరోజినిగారా? రండి," అంది చివరికి. ఒకప్పుడు నన్ను నువ్వు అని పిలిచిన మనిషి.

వచ్చిన పని చెప్పాను. ఆ పేజీ నా దగ్గర లేదనీ చెప్పాను.

"కూరగాయల చీటీలు కూడా దాచేవారు కదండీ మీరు."

సంచిలోంచి కాగితం, పెన్ను తీశాను.

"యుద్ధం లేదని నేనెప్పుడూ అనలేదండీ. న్యాయశాస్త్ర గ్రంథాల్లో ఉంది. దానికి పెట్టిన హద్దులు తీసేసి యుద్ధమొక్కటే మిగిల్చారు మీరు. రాసుకోండి."

ఆమె చెబుతుంటే విద్యార్థిలా రాశాను. జిహాద్ అన్న మాటకు మూలార్థం పాటుపడడం. ఆడవాళ్ళనూ పిల్లలనూ చంపకూడదన్నారు. ఒప్పందం తప్పకూడదన్నారు. ఊరి మీదకు శత్రువు వస్తే తప్ప, తల్లిదండ్రులు ఒప్పుకోనిదే కొడుకు వెళ్ళకూడదన్నారు. మనసుతో, మాటతో చేసే పోరాటాన్నీ కొందరు పండితులు అందులో చేర్చారు. ఎవరు, ఎప్పుడు ప్రకటించాలన్న దానిపై వాదాలు కాలాన్ని బట్టి మారాయి. సరిగ్గా ఒక పేజీ అయింది.

టీ ఇచ్చింది. అందులో చక్కెర లేదు. నా అలవాటు ఆమెకు గుర్తుంది. "జాగ్రత్తగా వెళ్ళండి," అంది.

ఇంటికొచ్చి పాత నోట్సు తీశాను. చోటు లేకే తీసేశానని ఇన్నేళ్ళూ నమ్మాను. పదహారో పేజీలో "గమనికలు" అన్న శీర్షిక, దాని కింద ఖాళీ గీతలు. ఇవాళ రాసిన పేజీని దాని మీద పెట్టి చూశాను, సరిపోయింది. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.

వెళ్ళేవారికి ఒక్క మాట: శుక్రవారం పన్నెండున్నర నుంచి రెండు దాకా ఎవరి తలుపూ తట్టకండి.

ఇక జరగవలసినవి:

1. మనవరాలు మొదటి వాక్యం మార్చాలి. ఈ పేజీ చేర్చి, చెప్పినవారి పేరు రాయాలి.
2. గురువారం నేను మళ్ళీ కంకిపాడు వెళ్ళాలి.
3. ఆ పదహారో పేజీ నూర్జహాన్ ముందు పెట్టాలి. ఆమె ఏమన్నా కూర్చుని వినాలి.