పాపం అన్న మాట లేని పద్యాలు

మా తోడికోడలు పోయింది. కాలవగట్టు రోడ్డు మీద లారీ గుద్దేసింది. కబురు చెప్పడానికి ఫోను చేసిన పెద్దమనిషి, "తాబేలు అడ్డొచ్చిందని బండి ఆపారటండీ" అని ఒక ముక్క కలిపాడు, తప్పంతా తాబేలుదీ ఆవిడదీ అయినట్టు. లారీ ఊసు ఆయన ఎత్తలేదు. ఆ లారీలో ఉన్నది చేపల మేత. వెళుతున్నది మా మరిది చెరువులకి. మా మరిది అంటే ఆవిడ మొగుడే.

నరసాపురం దాటాక మా వైపు పొలాలు చాలావరకు చెరువులైపోయాయి. చేపలున్నచోటికి కొంగలొస్తాయి, నీరుకాకులొస్తాయి, చీకటి పడ్డాక బావురుపిల్లులొస్తాయి. వచ్చినదాన్ని వచ్చినట్టు చంపడం ఇక్కడ వ్యవసాయంలో ఒక భాగం. చెరువు మీద కట్టిన దారాల్లో చిక్కుకున్న కొంగ రెక్క విరిగి తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది. ఇంకా కొట్టుకుంటున్నా ఎవరూ విప్పరు. మిగతా కొంగలు చూసి భయపడాలట. మా ఊరి పిల్లలు బడికి వెళ్ళే దారి పొడుగునా చూసేది అదే. చూసి చూసి వాళ్ళకీ చేతులు దురద పెట్టేవి. ఉండేలు దెబ్బకి లకుముకిపిట్ట తల పగిలితే ఆ రోజుకి వాడే హీరో.

ఆవిడ ఆ బళ్ళో తెలుగు టీచరు. ఒకనాడు కుర్రాళ్ళు నీరుకట్టె పాముని రాళ్ళతో నుజ్జు చేసి, కర్రకి వేలాడదీసి ఊరేగింపుగా తరగతికి తెచ్చారు. కేకలేస్తుందనుకున్నారు. ఆవిడ దాన్ని బల్ల మీద పెట్టించి, చుట్టూ కూర్చోబెట్టి, చచ్చేముందు అది ఏం చేస్తోందో తలా ఒక వాక్యం చెప్పమంది. కప్పని మింగబోతోందని ఒకడు, ఈదుతోందని ఒకడు, ఏమీ చెయ్యట్లేదండి, ఊరికే ఎండలో ఉందండి అని రాయి వేసినవాడు చెప్పారు. నాలుగు పంక్తుల పద్యమైంది. ఛందస్సు అడగలేదు. షరతు ఒక్కటే: 'పాపం' అన్న మాట రాయకూడదు. "పాపం అనేసి చేతులు కడిగేసుకుంటారు అక్కయ్యా, అందుకని తీసేశాను" అనేది నాతో.

అక్కడితో ఆగితే ఆవిడ మా తోడికోడలు ఎందుకవుతుంది? చంపినవాడి గుమ్మం ముందు నిలబడి ఆ పద్యం గట్టిగా చదవాలని పెట్టింది. తిట్టకూడదు, ఏడవకూడదు, చదివేసి వచ్చెయ్యాలి. అప్పటినుంచి మా ఊళ్ళో ఏది చచ్చినా సాయంత్రానికి ఎవరో ఒకరి గుమ్మం ముందు పిల్లలు బారుగా నిలబడేవారు. కొందరు బూతులు తిట్టారు. ఒకాయన కుక్కని వదిలాడు. ఒకావిడ పేడనీళ్ళు కుమ్మరించింది. పిల్లలు తలలు తుడుచుకుని మిగతా రెండు పంక్తులూ చదివి వచ్చారు.

అలాగని ఆవిడ జాలిగుండె మనిషి అనుకునేరు. బతికున్న కొరమేను తల మీద పచ్చడిబండతో ఒక్క దెబ్బ వేసిందంటే రెండో దెబ్బ అక్కర్లేదు. వేసేముందు ఏదో గొణిగేది. "పులుసు పెడుతున్నావా, పద్యం చెబుతున్నావా?" అని అడిగితే, "రెండూ అక్కయ్యా. తినేదాన్ని మొహం చూసి చంపాలి కదా" అంది. ఆ పులుసు నేను రెండుసార్లు వడ్డించుకున్నాను, అది వేరే సంగతి.

బావురుపిల్లిని చంపిన రోజు సంగతి చెప్పాలి. ఎప్పటినుంచో చేపలు పోతున్నాయని మా మరిది పళ్ళు నూరుతున్నాడు. తెల్లవారి వెలుగొచ్చేసరికి ఉచ్చులో పిల్లి పడింది. కాలు తీగలో తెగి ఎముక తెల్లగా కనబడుతోంది. కాపలావాడు గునపం పట్టుకున్నాడు, మా మరిది కర్ర పట్టుకున్నాడు. మొదటి దెబ్బకి దాని దవడ పక్కకి జరిగిపోయింది. అయినా అది ఉమ్ముతూ, గీరుతూ, తీగని కొరుకుతూ లేస్తూనే ఉంది. నేను గట్టు మీదే ఉన్నాను, కళ్ళు మూసుకోలేదు. ఇంతలో ఆవిడ పరుగెత్తుకొచ్చి మధ్యలో దూరింది. కర్ర ఆవిడ కుడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. తర్వాతి దెబ్బకి పిల్లి చచ్చిపోయింది.

ఆస్పత్రిలో, "పిల్లికి వేసిన దెబ్బే అక్కయ్యా, నా చెయ్యి అడ్డొచ్చింది" అంది. మా మరిది గురి ఎలాంటిదో నాకు తెలుసు. ఆ ఇంట్లో ఏం జరిగినా లేసు అల్లుతూ నోరు మూసుకోవడానికి నేను అలవాటు పడ్డదాన్ని కాను గానీ, ఆవిడే నా చెయ్యి నొక్కి ఆపింది.

సాయంత్రం పిండికట్టుతోనే పిల్లల్ని వెంటబెట్టుకుని తన ఇంటికి వెళ్ళింది. లోపలికి వెళ్ళలేదు. గుమ్మం బయట, పిల్లల వరసలో, ఆఖరున నిలబడింది. పద్యం రాసింది కాపలావాడి కూతురు, ఏడో తరగతి. చదివిందీ అదే:

తెల్లారగట్ట గట్టు మీద కూర్చున్నావు.
ముందు కాలు నీళ్ళలో పెట్టి తీశావు.
మా నాన్న గునపానికి
నీ మీసం ఒకటి అంటుకుని ఉంది.

రెండో పంక్తికే మా మరిది తలుపు ధడాలున వేసేశాడు. మిగతా రెండూ చెక్క తలుపు విన్నది. ఆ రాత్రి ఆవిడ మా వాటాలో పడుకుంది.

ఆనాటినుంచి ఆవిడకి ఒకటే పంతం. ఆయన ఒక్క పద్యం చివరిదాకా వినాలి. విడిచిపెట్టి పొమ్మని నేను మొహం మీదే చెప్పాను. "వెళ్ళిపోతే ఆ గుమ్మం ముందు నిలబడే హక్కు నాకుంటుందా?" అంది. ఆయన చెరువు మీద నీరుకాకి చచ్చినా, కొంగ చచ్చినా ఆ గుమ్మానికే వెళ్ళేవారు. ఆయన తలుపు వేస్తూనే ఉన్నాడు. చెయ్యి వంకరగా అతికింది. బరువు మోసేది కాదు, సుద్దముక్క కూడా నిలిచేది కాదు. నల్లబల్ల మీద ఎడమ చేత్తో రాసేది. ఆ అక్షరాలు పిల్లల అక్షరాల్లాగే ఉండేవి. "ఇప్పుడు నేనూ వాళ్ళ క్లాసే అక్కయ్యా" అని నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇక మొన్నటి సంగతి. దినకార్యం రోజు సాయంత్రం, వచ్చినవాళ్ళు భోజనాలు చేసి, చేతులు కడుక్కుని, ఆవిడ మంచితనం గురించి చెప్పుకుంటున్నారు. బతికుండగా పిచ్చిది అన్న నోళ్ళే అన్నీ. గేటు చప్పుడైంది. పిల్లలు బారుగా వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. ముందు కాపలావాడి కూతురు, ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఆ రోజు కాలవగట్టు మీద బస్సు కోసం నిలబడి కళ్ళారా చూసింది అదే.

చావింటి తలుపులు తెరిచే ఉంటాయి, అందులో వింతేమీ లేదు. మా మరిది లేచి తనే గుమ్మంలోకి వెళ్ళాడు. చెయ్యి తలుపు రెక్క మీద వేశాడు. నేను కూర్చున్నచోటు నుంచే, "వేస్తే ఇవాళ నేను బయట నిలబడతాను" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు.

"అయ్యగారండీ, ఇది టీచర్ గారి పద్యమండి. పాపం అన్న మాట లేదండి" అని ఆ పిల్ల చదివింది:

స్కూటీకి స్టాండు వేశారు, కొంగు దోపుకున్నారు.
తాబేలుని ఎత్తితే కుడి చెయ్యి పట్టు ఇవ్వలేదు.
జారింది. మళ్ళీ వంగి, ఎడమ చేత్తో కాలవలోకి విసిరారు.
నీళ్ళ చప్పుడూ లారీ చప్పుడూ ఒకేసారి వినిపించాయి.

చదివేసి ఆగింది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఏడవలేదు. పిల్లలు వచ్చిన వరసలోనే వెనక్కి తిరిగారు.

"ఆ రెండో పంక్తి ఇంకోసారి చదువమ్మా" అన్నాడు మా మరిది.

ఆ పిల్ల వెనక్కి వచ్చి చదివింది. ఆయన తన కుడి మణికట్టుని ఎడమ చేత్తో పట్టుకుని, గేటు వేసిన చప్పుడు వినబడ్డాక కూడా, అలాగే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తలుపు రెండు రెక్కలూ గోడకి ఆనుకుని ఉన్నాయి.