ఆదివారం మాత్రం నురగ రాలేదు

మా ఫ్రిజ్‌లో కూరగాయలకు చోటు లేదు. అరలన్నీ తీసేసి ఒక స్టీలు పీపా పెట్టుకున్నాం. పీపాలో బీరు, అదీ ఇంట్లో కాచిన బీరు. ఇట్లా కాచుకోవచ్చో కూడదో నాకు తెలియదు, ఎవరినైనా అడిగే ధైర్యమూ లేదు. నేనేమో కోదాడలో సైన్సు టీచర్ని.

ఇదంతా మా ఆయన కోసం. ఆయన లారీ డ్రైవరు. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం ఎత్తుకుని బెంగళూరు దాకా పోయేవాడు. లారీ బోల్తా పడి, తొడలో రాడ్డు వేయించుకుని వచ్చి ఏడాదైంది. వాకరు పట్టుకుని మంచం నుంచి బాత్‌రూం దాకా నడుస్తాడు. వంటింటికి రెండు మెట్లెక్కాలి, అది ఆయన వల్ల కాదు. కాలుతో పాటు మాట కూడా పోయింది. పొద్దస్తమానం పైన తిరిగే ఫ్యాను చూస్తూ పడుకునేవాడు. ఏమడిగినా ఊఁ, లేదంటే ఊఁహూఁ. ఆ ఇంట్లో నాకు పిచ్చెక్కినంత పనయ్యేది.

అట్లాంటి మనిషి ఒకరోజు ఫోన్‌లో ఏదో వీడియో చూసి, "బెంగళూర్ల తాగినసుంటి బీరు ఇంట్లనే చేస్తరంట" అన్నాడు. ఏడాదిలో ఆయన నోటి నుంచి వచ్చిన పెద్ద మాట అదే. బీరేం ఖర్మ, పులిపాలు అడిగినా తెచ్చేదాన్ని.

మిల్లు నుంచి నూకలు తెచ్చాను, మొలకెత్తిన బార్లీ ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఆయన మంచం మీద నుంచి హుకుం జారీ చేస్తుంటే నేను పొయ్యి దగ్గర చెమటలు కక్కాను. అది పులిసేలోపు పీపా, కుళాయి, బీరును పైకి నెట్టే సోడా గ్యాసు సిలిండరు మిల్లు మెకానిక్కు ఒకాయన బిగించి పెట్టాడు. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి మొదటి గ్లాసు పట్టాను. గ్లాసు నిండా నురగే! అది దిగేసరికి అడుగున వేలెడు బీరు మిగిలింది.

ఆయన గ్లాసు చూసి గోడవైపు తిరిగాడు. "వచ్చే శనారం దాకా సూస్త. అప్పటికీ గిట్లనే వస్తే పాత ఇనుమోనికి ఏసెయ్" అన్నాడు. పీపా పోతే పీడా పోయె, దాంతోపాటు ఆ నాలుగు మాటలూ పోతాయి కదా!

ఇక మొదలయ్యాయి నా తిప్పలు. సిలిండరు నింపించింది సూర్యాపేటలో సోడాలు చేసే ఆయన దగ్గర. ఫోన్ చేస్తే, "సోడాకు పెట్టినంత ప్రెషర్ పెడితే బీరు ఆగుతదా మేడం? జర తగ్గియ్యుండ్రి" అన్నాడు. తగ్గించాను. బీరు నీరసంగా కారింది, నురగ మాత్రం తగ్గలేదు. "పైపు పొట్టిగున్నది, పొడుగుది ఏస్తే ఊపు తగ్గుతది" అన్నాడు మా ఆయన. పొడుగు పైపు కొనుక్కొచ్చి సకినం చుట్టినట్టు చుట్టి పెట్టాను. మళ్ళీ నురగే. బళ్ళో సోషల్ మేడంతో, ఇంట్లో సోడా చేసుకుంటున్నామని అబద్ధమాడి అడిగాను. "గ్లాసులు సరిగ్గా తోమట్లేదేమోనండీ, జిడ్డుంటే పొంగిపోద్ది" అంది. నా గ్లాసులకు జిడ్డా! ఒళ్ళు మండింది గానీ ఇంటికొచ్చి చింతపండు పెట్టి మరీ తోమాను. అయినా అదే నురగ.

అయితే మధ్యలో ఆదివారం ఒక వింత జరిగింది. మధ్యాహ్నం కుళాయి తిప్పితే బంగారం రంగు బీరు, పైన రెండు వేళ్ళ నురగ, అంతే. ఆయన లేచి కూర్చుని తాగాడు. బెంగళూరులో లారీ ఆపి ఇడ్లీ తిన్న కథ ఒకటి అరగంట సేపు చెప్పాడు. సోమవారం సాయంత్రం ఆశగా పట్టాను. మళ్ళీ నురగ! నేనేమీ మార్చలేదే? "ఆదివారం దీనిక్కూడా సెలవా ఏంది?" అన్నాను. ఆయన నవ్వలేదు. నాకు బుర్ర పనిచేయలేదు. అటు గడువు దగ్గర పడుతోంది.

శుక్రవారం ఒంటిపూట బడి. మధ్యాహ్నమే వచ్చి, దాహమేస్తే తలుపు అరలో ఉన్న నీళ్ళ సీసా కోసం నేరుగా ఫ్రిజ్ తెరిచాను. లోపల లైటు వెలగలేదు. పీపా మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది. కరెంటు పోయిందా అంటే ఆయన గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. స్టెబిలైజర్ స్విచ్ చూశాను. కట్టేసి ఉంది.

ఎవరు కట్టేశారు? వంటింట్లోకి వచ్చేది నేనొక్కదాన్నే.

అప్పుడు తట్టింది. మూడేళ్ళ కింద వోల్టేజీ ఎక్కువై ఒక ఫ్రిజ్ కాలిపోయింది. అప్పట్లో ఆయన లారీ మీద, నేను బళ్ళో, పగలంతా ఇల్లు ఖాళీ. బస్సుకు పోయేముందు వంటింటి స్విచ్‌లన్నీ కట్టేయడం, సాయంత్రం రాగానే వేయడం నా చేతికి అలవాటైంది. ఆ అలవాటు ఇంకా పోలేదు. బడి ఉన్న రోజు పగలంతా పీపా వెచ్చబడుతోంది, ఆదివారం ఒక్కటే చల్లగా ఉంటోంది. వేడెక్కితే ద్రవంలో గ్యాసు నిలవదని బోర్డు మీద గీసి మరీ పిల్లలకు చెప్పేదాన్ని! సిగ్గేసింది.

పోయి ఆయనకు చెప్పాను. "పొద్దున ఫ్రిజ్ బందు చేసిపోతున్నది నేనేనయ్యా."

"ఎర్కనే" అన్నాడు. "రోజు వినబడుతది. నువ్వు బందు జేస్తవు, దాని సప్పుడు ఆగుతది. నురగకు దానికి లంకె ఉన్నదని మాత్రం నాకెర్కలే."

"ఏడాది నుంచి వింటూ ఒక్కసారన్నా చెప్పవద్దా?"

"ఏం జెప్పాలె? ఇంట్ల ఎవ్వరు లేనప్పుడు బందు జేసుడు నీ అలవాటు" అన్నాడు ఫ్యాను చూస్తూ. "నాగ్గూడ గట్లనే అనిపిస్తుండె, ఎవ్వరు లేనట్టే."

పోయి స్విచ్ వేశాను. మంచం పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆయన నా వీపు మీద చెయ్యి వేశాడు.

శనివారం పొద్దున బస్సుకు టైమైంది. బ్యాగు భుజాన వేసుకుని, టిఫిన్ డబ్బా తీసుకున్నాను. పాడు చెయ్యి మళ్ళీ స్విచ్ మీదికే పోయింది.

పక్క గదిలో నుంచి కేక వినపడింది. "ఏయ్, నేనున్న!"