కూర్చోబెట్టిన ఫార్వర్డ్

తొంభైల్లో ఓ సాయంత్రం స్టేడియంలో మా జట్టు ఒక్క గోలు తేడాతో ఓడిపోయింది. చిక్కడపల్లి వెళ్లే బస్సులో నేనూ, మా పక్కింటి యాదగిరీ నిలబడి కోచ్‌ని తిడుతున్నాం. ఫుట్‌బాల్ అంటే మాకు ప్రాణం. ఆట ఇంకో పది నిమిషాలుందనగా ఆయన మా మంచి ఫార్వర్డ్‌ని బయటికి పిలిచి, బెంచీ మీద కూర్చోబెట్టాడు.

“గోలు కొట్టేటోణ్ని కూసోబెడ్తడా? గా కోచ్‌కు దిమాక్ లేదు,” అన్నాడు యాదగిరి.

మా ముందు సీట్లోని పెద్దమనిషి తలెత్తాడు. “ఆ పిలగాడు కుంటుతుండె తమ్మీ, సూడలేదా?”

“జరంత కుంటితే ఏమైతదన్నా? పది నిమిషాలే కదా!”

ఆయన కోప్పడలేదు. “నేను గూడ ఆడేటోణ్ని. ఒక మ్యాచ్‌ల మోకాలు వాచింది. నన్ను కూసోబెట్టొద్దని మా కోచ్‌ను బతిమాలిన. ఆయన నా మాట ఇన్నడు.”

“మరి ఆ మ్యాచ్?” అనడిగాను.

“గెల్చినం.”

నారాయణగూడ వచ్చింది. ఆయన రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, వంగని కుడికాలిని ముందు మెట్టు మీదికి జార్చి, మెల్లగా దిగాడు. అంతవరకూ కండక్టర్ రైట్ అనలేదు.

ఆ ఫార్వర్డ్ చాలా వారాల తర్వాత గానీ మైదానంలోకి రాలేదు. వచ్చిన రోజు కూడా మేం ఓడిపోయాం. అతను మాత్రం చివరిదాకా పరుగెత్తాడు. స్టేడియం గేటు దాటుతుంటే యాదగిరి నా భుజమ్మీద చెయ్యేశాడు.

“కాలు మంచిగనే ఉన్నది కదరా,” అన్నాడు.