ఇంటర్వ్యూలో పళ్లు చూడలేదు

కాళ్లలో సత్తువా, నోట్లో కోపమూ రెండూ నిండుగా ఉన్న రోజులవి. డెబ్బై కూడా నిండని పడుచువాణ్ణి! తుంగతుర్తిలో అందరూ 'గొర్ల డాక్టరమ్మ' అని పిలిచే నా కూతురి బిడ్డ, గొర్రెలకొచ్చే నీలి నాలుక రోగం మీద పీహెచ్‌డీ ముగించి, లెక్చరర్ ఉద్యోగం కోసం యూనివర్సిటీల చుట్టూ తిరుగుతోంది. (నా చదువంటారా, కిరాణా పొట్లాల కాగితాలు కూడబలుక్కుని నేర్చుకున్నదే.) ఎక్కడికి పోయినా 'తర్వాత చెబుతాం' అన్నవాళ్లే. ఈసారీ రాకపోతే సూర్యాపేటలో కిరాయి గది ఖాళీ చేసి, ఏదో మందుల కంపెనీలో చేరిపోతానంది. ఏళ్ల తరబడి మందల వెంట తిరిగి చదివిన చదువు మట్టిపాలవుతుందని నాకు దిగులు. తోడుగా నేనూ బస్సెక్కాను.

ఆ యూనివర్సిటీ పేరెందుకులెండి. పొద్దుటి నుంచీ బయట కూర్చోబెట్టి, పిల్లను లోపలికి పిలిచి, నేను చుట్ట వెతుక్కునేలోపే పంపేశారు.

"ఏమడిగిన్రు బిడ్డా?"

"మనది ఏ ఊరు, ఎవలోళ్లం, పెండ్లెప్పుడు అని అడిగిన్రు తాతా."

"మరి నీలి నాలుక?"

"అది అడగలే. పోస్టు ఎవరికో ముందే ఖాయమైందంట. ఇగ పోదాం పా."

నా ఒళ్లు మండింది. మా గొర్ల సంతలో బేరగాడు కొన్నా కొనకపోయినా గొర్రె నోరు తెరిచి, వయసు తెలియడానికి పళ్లు చూస్తాడు. చూడకుండా దాటిపోతే పెంచినవాడికి అవమానం! చెప్పులతోనే లోపలికి దూరి, పిల్ల లేచొచ్చిన కుర్చీలోనే కూలబడ్డాను.

"ఎవరండీ పెద్దాయనా మీరు?" అన్నాడు టై కట్టుకున్నాయన, కోదాడ అవతలి ఆంధ్రా యాసలో.

"కొనకున్నా పండ్లు సూస్తం సారూ మేము! గింత సదివిన పిల్లను సదువు ముచ్చట ఒక్కటడగకపోతిరి. గిది ఇంటర్వ్యూనా, పెండ్లిచూపులా? ఇగో, గిట్ల సూడాలె పండ్లు!" అని నోరు బార్లా తెరిచాను. (అందులో చూపించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదన్న సంగతి ఆవేశంలో మరిచాను.)

పిల్ల వచ్చి రెక్క పట్టి ఈడ్చుకెళ్లింది. "పరువు తీసినవ్ తాతా" అని బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కాసేపటికి భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. తీరా చూస్తే నవ్వు!

"ఇంకో దానికి అప్లై చేస్త తియ్. నువ్వు మాత్రం రాకు" అంది.

చాలా కాలానికి, ఎక్కడో దూరాన వచ్చింది ఉద్యోగం. మొన్న ఫోన్ చేసింది. "తాతా, ఇయ్యాల నన్ను ఇంటర్వ్యూ బోర్డుల కూసోబెట్టిన్రు. పోస్టు ఎవరికియ్యాల్నో గీడ కూడా ముందే అనుకున్నరు. అయినా వచ్చినోళ్లందర్ని సదివిందేందో అడిగిన. ఒక్కొక్కరి పండ్లు సూసిన తాతా."

నిజానికి మళ్లీ ఒళ్లు మండాల్సిన మాటే. మండింది కూడా. కానీ ఆ రోజు కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్న పడుచువాడు గుర్తొచ్చి, ఒక్క పన్నూ లేని నోటితో నాలో నేనే నవ్వుకున్నాను.