రేవు నీళ్ళలో కరెంటు

మా అక్క పుణ్యాత్మురాలని ఊళ్ళో అందరూ అంటారు. అక్క అంటే తోడబుట్టింది కాదు, నా తోటికోడలు. కార్తీక సోమవారం నాడు గోదాట్లో స్నానం చేస్తూ పోయింది కాబట్టి నేరుగా కైలాసానికే వెళ్ళిందట. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

మా బావగారిది రామచంద్రపురంలో బియ్యం వ్యాపారం. చేతిలో నాలుగు డబ్బులు ఆడాక, గౌతమి ఒడ్డున మా కొబ్బరితోట రేవులో ఒక ఇనప పడవ కట్టించారు. రెండు గదులు, ఏసీ, ఫ్రిజ్జు. ఆదివారాలు చుట్టాలతో లంకల దాకా షికారు, కార్తీకంలో వనభోజనాల వాళ్ళకి అద్దె. నది మీద ఉన్నంతసేపూ జనరేటరు. రేవులో కట్టేశాక తోటలోని మోటారు షెడ్డు నుంచి వైరు లాగి కరెంటు ఇచ్చేవారు. ఆ వైరులో ఎర్తు తీగ లేదు. వేయించమని మా ఆయన ఒకసారి అంటే, "లైట్లు వెలుగుతున్నాయి కదరా, ఇంకా ఏంటి?" అన్నారు బావగారు. పడవకి పూలదండ మాత్రం రోజూ మారేది.

ఆ దీపావళికి పడవలో గీజరు పెట్టించారు. తర్వాత వచ్చిన మొదటి సోమవారం తెల్లవారుతుండగా అక్కా, నేనూ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ రేవుకి వెళ్ళాం. నేను మెట్ల మీద కూర్చుని వత్తులు నూనెలో తడుపుతున్నాను. "నీళ్ళు జివ్వుమంటున్నాయే!" అంది అక్క నవ్వుతూ. "కార్తీకం చలి కదండీ" అన్నారెవరో. అరటిదొప్పలో దీపం వదలడానికి పడవ పక్కగా లోతుకి వెళ్ళింది. అంతే. అరవలేదు, చేతులు కొట్టుకోలేదు. బిగుసుకుపోయి అలాగే కిందికి జారిపోయింది. పడవలోనే పడుకునే పనివాళ్ళు వెదురు గెడలతో ఒడ్డుకి చేర్చేసరికి ప్రాణం లేదు. గుండె ఆగిందన్నారు డాక్టరు గారు. గుండె ఆగకుండా ఎవరు పోతారు?

పెద్దకర్మ అయ్యాక పడవ మళ్ళీ తిరగడం మొదలైంది. ఒక సాయంత్రం ఆ రేవులోనే చెంబు కడుగుతుంటే మోచేతి దాకా జివ్వుమంది. చలి కాదది. మర్నాడు పడవ లంకకి వెళ్ళిపోయాక అదే మెట్టు దగ్గర నీళ్ళలో చెయ్యి పెట్టి చూశాను. ఏమీ లేదు. పడవ తిరిగొచ్చి వైరు తగిలించాక మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే. ఎర్తు తీగ ఉంటే దాని దారిన పోవలసిన గీజరు కరెంటు, పడవ ఇనుములోంచి నీళ్ళలోకి దిగుతోంది. మెట్ల మీద కూలబడి ఏడ్చాను.

బావగారికి చెప్పాను. "ఊరంతా పుణ్యాత్మురాలంటుంటే నువ్వు కరెంటంటావేంటమ్మా? మా ఆవిణ్ణి నేనే చంపుకున్నానంటావా?" అన్నారు. మనిషి సగమైపోయారు. జాలేసి నోరు మూసుకుని వచ్చేశాను.

కానీ అంత గొప్ప చావు దొరికిన రేవని మా రేవుకి పేరొచ్చేసింది. ఆఖరి సోమవారం, ఎప్పుడూ లేనిది, పక్క ఊళ్ళ నుంచి కూడా ఆడవాళ్ళు ఆటోల్లో దిగారు. మెట్లకి పసుపు రాశారు. పడవ కట్టేసి ఉంది, వైరు తగిలించి ఉంది. స్విచ్చు ఉన్న మోటారు షెడ్డు తాళంచెవి బావగారి దగ్గర ఉంది. నేను వెళ్ళి మెట్లకి అడ్డంగా నిలబడ్డాను.

"పుణ్యానికి అడ్డం పడతావేంటమ్మా?" అని ఒకావిడ కసిరింది. గొడవ విని బావగారు వచ్చారు. "ఏం లేదమ్మా, దిగండి" అన్నారు వాళ్ళతో.

"ముందు మీరు దిగండి బావగారూ" అన్నాను. ఆయన ఎదుట నేను గొంతు పెంచడం అదే మొదలు.

ఆయన పంచె ఎగ్గట్టి మెట్లు దిగారు. నీళ్ళకి పైనున్న మెట్టు మీద ఆగారు. అందరూ చూస్తున్నారు. కాలు ఎత్తారు, మళ్ళీ ఆ పొడి మెట్టు మీదే పెట్టేశారు. కాసేపటికి అక్కడే చతికిలబడి, చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి, వెనక్కి తిరక్కుండానే నా వైపు చాపారు.