గోల్‌కీపర్ అంగి

ఆఫీసు పని మీద బీదర్ పోయిన రోజు నా అంగి గుండీ ఊడింది. పాత బస్తీల నర్సయ్య అనే దర్జీ దుకాణం కనబడ్డది. వాళ్ళది ఔరాద్ దిక్కు ఊరు, ఇంట్ల మాట్లాడేది తెలుగే. ఆయన ఒళ్ళో ఒక నల్లటి ఫుట్‌బాల్ అంగి ఉన్నది. దాని మీద వెండి రంగు గీతలు, అచ్చం బిద్రీ పని లెక్క.

"మా క్లబ్బు గోల్‌కీపర్ అంగి. మా నాయిన కుట్టిండు," అని కాలరు తిప్పి చూపెట్టిండు. లోపల దారంతో కుట్టిన నాలుగు పేర్లున్నయి. ఆట మానేసినోడు తన పేరు కుట్టించుకొని, అంగిని తర్వాతి గోల్‌కీపర్‌కు ఇయ్యాలె. అది వాళ్ళ రివాజు.

"ఇప్పుడెవరు తొడుగుతుండ్రు మామా?"

"నేనే. అరవై దాటినయి. మా అల్లుడు ఇయ్యమని అడుగుతనే ఉన్నడు. సూదిల దారమైతే ఎక్కిస్త గని, నా పేరు కుట్టబుద్ధి కాదు."

ఇంతల మైదానం దిక్కు నుంచి ఆట మొదలైతదని సీటీ ఊదుడు వినబడ్డది. మామ ఆ అంగి తొడుక్కొని షట్టర్ దించిండు. నా గుండీ సంగతే మర్చిపోయిండు. నేనూ వెంట పోయిన.

మొదటి బంతే ఆయన కాళ్ళ నడుమ నుంచి గోల్‌లకు పోయింది. మామ నా దిక్కు తిరిగి, కాలరు గట్టిగ పట్టుకొని, ఇంకా కాదన్నట్టు తల అడ్డంగ ఊపిండు.