పానకాలు వేసిన ముడి

చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ళ లారీలకు మోకు బిగించే పానకాలు, ఎంత ఎత్తు లోడు మీదికైనా బల్లిలా పాకిపోతాడు. మోకు కొస పళ్ళతో పట్టి, మోకాలు ఆనించి లాగి, ముడి పడ్డాక దాన్నొకసారి అరచేత్తో చరుస్తాడు. ఇంకొకరు వేసిన ముడిని చచ్చినా నమ్మడు. “బేళ్ళెక్కేవాడికి బండరాయొక లెక్కట్రా?” అని తోటివాళ్ళు ఎగదోస్తే, ఆదివారం కొండవీడు దగ్గర కొత్తవాళ్ళకు బండలెక్కడం నేర్పే జ్యోతిర్మయి దగ్గరికి వెళ్ళాడు. ఆమె అతని నడుము పట్టీకి తాడు కట్టి అటు తిరగ్గానే, ఆ ముడి విప్పేసి తన లారీ ముడి వేసుకున్నాడు. ఇరవై అడుగులెక్కి కిందికి చూశాక బండను కావలించుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది: లోడు దించేటప్పుడు కొస పట్టి ఒక్క లాగు లాగితే ఊడిరావాలని వేసే ముడి అది. ఆ కొస ఇప్పుడు అతని మోకాలి కింద, రాతికి నొక్కుకుని ఉంది.

“మేడమ్... మీ ముడి తీసేసి నాది వేశానండి.”

“ఏం మనిషివయ్యా! కదలకు. మోకాలు అసలు జరపకు.”

ఆమె పక్క వాలులోంచి పాక్కుంటూ వచ్చి, రెండో తాడు అతని పట్టీకి కట్టింది. పాత ముడి కొసను రెండు వేళ్ళతో లాగింది. అది చప్పుడు లేకుండా విడిపోయింది.

“ఇప్పుడు వెనక్కి వాలి చేతులు వదిలెయ్. కింద తాడు పట్టుకున్నవాళ్ళు దించుతారు.”

“మీ ముడి ఆగుద్దా అండీ?”

“ఆగుతుంది.”

చాలాసేపటికి పానకాలు బండ మీంచి ఒక వేలు ఎత్తాడు.